గడ్డమీది వంతు

మా మామ రాజమల్లయ్య భుజం మీద ఇనుప చావి లేకుండా నేను చూసింది రెండే సార్లు. ఒకటి మా అత్త చంద్రవ్వ పోయిన నాడు. ఇంకొకటి మొన్న ఏప్రిల్‌లో, ఆ చావి నాకు అప్పగించిన నాడు. ఆ రెండు రోజుల మధ్య తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ నేను ఆయనతో ఒకే విషయం మీద కొట్లాడుతూ వచ్చాను.

చావి అంటే బీరువా తాళంచెవి అనుకునేరు. నా ఛాతీ దాకా వచ్చే కడ్డీ అది. పైన రెండు చేతులతో పట్టుకునే అడ్డకడ్డీ, కింద వాల్వు తలను పట్టుకునే గూడు. మామ మా గ్రామ పంచాయతీలో నల్లాలు విడిచే మనిషి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, ఆయన పొద్దు నల్లాలతోనే మొదలయ్యేది. ఊర్లో ఎవరిని అడిగినా "నల్లాల రాజమల్లయ్యనా?" అంటారు తప్ప ఇంటిపేరు చెప్పరు.

సిద్దిపేట నుంచి కొండపాక వైపు వచ్చి, బస్సు దిగి లోపలికి రెండు కిలోమీటర్లు నడిస్తే మా ఊరు. ఊరు ఏటవాలుగా ఉంటుంది. కింద నాలుగు వాడలు, పైన గడ్డ. గడ్డమీద పద్నాలుగు ఇళ్లు, ఒక చిన్న చర్చి. కింది వాడలకు నీళ్లు వాటంతటవే ఉరుకుతాయి. గడ్డ ఎక్కాలంటే మాత్రం కింది వాల్వులు నాలుగూ బిగించి, ట్యాంకు బలమంతా ఒక్క పైపులోకి పంపాలి. అందుకే గడ్డ వంతు ఎప్పుడూ చివరికి. ట్యాంకులో ఏం మిగిలితే అది వాళ్లకు.

మామకు ఒక పద్ధతి ఉండేది. కింది వాడలకు గడియారం చూసి బంద్ చేసేవాడు. ఎవరెంత మొత్తుకున్నా నిమిషం ఎక్కువ ఇచ్చేవాడు కాదు. గడ్డకు మాత్రం గడియారం లేదు. వాల్వు గుంత పక్కన బీడీ ముట్టించుకొని కూర్చునేవాడు. పైన అందరి బిందెలూ నిండాక ఎవరో ఒకరు బండ మీద నిలబడి చెయ్యి ఊపేవాళ్లు. అది చూశాకే లేచి చావి తిప్పేవాడు. ఇరవై రెండు చుట్లు. ఈ మర్యాద గడ్డకే ఎందుకని కింది వాడలవాళ్లు గులిగేవాళ్లు. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ నేను కూడా గులిగేదాన్ని.

మా ఇల్లు గడ్డకు కిందనే. గడ్డకు పోయే పైపు నుంచే మాకూ నల్లా. మట్టి గోడలు, పైన పెంకులు. వంటింటికీ నడిమింటికీ మధ్య ఒక గోడ ఉంది, దూలం బరువంతా దాని మీదే. మామ వాళ్ల నాయిన కట్టిన గోడ. పైపు గడప కింద నుంచి వచ్చి, ఆ గోడకు మూరెడు దూరంలో పైకి లేచి, ఎల్బో దగ్గర వంగి నల్లాకు కలుస్తుంది. అంతా మామ సొంత పనితనం. ప్లంబరును పిలవడం ఆయనకు నామోషీ.

ఊర్లో ప్రతి ఇంటి వాకిట్లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. లోపల ఏదైనా పగిలితే అది తిప్పేస్తే సరి. ఆ చిన్న వాల్వు లేని ఇల్లు ఊరంతటికీ ఒక్కటే. ఎవరిదో చెప్పాలా?

"మామా, వాకిట్ల ఒక వాల్ పెట్టియ్యరాదు. రేపేదన్న పగిలితె ఏం జెయ్యాలె?" అని నేను ఎన్నిసార్లు అడిగానో.

"ఊరందరి నీళ్లు బంద్ జేసే చావి నా భుజం మీదుంటె, మనకు ఇంకో వాల్ ఎందుకు బిడ్డా?" అని నవ్వేవాడు. పక్కన ఎవరుంటే వాళ్లూ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మా ఆయన మల్లేశ్‌తో చెబితే, "బాపును ఎవలు మారుస్తరు" అని ఆటో తీసుకొని సిద్దిపేటకు పోయేవాడు. ఆ ఇంట్లో నా మాట విన్నది నా కుట్టుమిషన్ ఒక్కటే.

ఇక మొన్నటి సంగతి. మోటారు కాలిపోయి నాలుగు రోజులు ట్యాంకు ఎక్కలేదు. ఊరంతా పొలాల బోర్ల దగ్గర బిందెలు పట్టుకొని తిరిగింది. ఐదో నాడు పొద్దున మోటారు బాగై, ట్యాంకు సగం నిండింది. అదే తెల్లవారుజామున గడ్డమీద దుబ్బయ్య పోయాడు. డెబ్బై దాటిన మనిషి, పడుకున్నవాడు లేవలేదు. ఇంట్లో ఆయన భార్య అంజవ్వ, కూతురు ఎస్తేర్. శవానికి స్నానం చేయించడానికి చెంబెడు నీళ్లు లేవు. గడ్డమీది పాత బోరింగు ఎండిపోయి మూడేళ్లయింది.

మామ ఆ పొద్దున కింది వాడల వంతు ఆపి, గడ్డకే ముందు విడుస్తానన్నాడు. కింది వాళ్లు మీది మీదికి వచ్చారు.

"నాలుగొద్దుల సంది నీళ్లు లేకుంటె, మా వంతు గడ్డోళ్లకిస్తవా?" 

"సావింట్ల నీళ్లు లేవు. మీ ఇండ్లల్ల ఎవలన్న సచ్చిన్రా? లేదు గద. జరుగున్రి," అని చావి భుజానేసుకొని పోయాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను అప్పుడే విన్నాను.

పదకొండు దాటింది. నేను వంటింట్లో పప్పు కడుగుతున్నాను. మామ కింది వాల్వులు నాలుగూ బిగించి గడ్డది విడిచినట్టున్నాడు, పైపులో గుర్రుమని గాలి తన్నింది. వెంటనే ఫట్‌మని ఎల్బో పగిలి, దాని ముక్క ఎగిరి పొయ్యి మీద పడింది. నా చేతిలో గిన్నె ఎటు పోయిందో తెలియదు. వేలు లావు ధార నేరుగా వెళ్లి గోడకు తగులుతోంది. ముందు సున్నం పెచ్చు ఊడింది. నేను చూస్తుండగానే కింద మట్టి కరిగి ఎర్రగా కారడం మొదలైంది.

ఏం చేయాలో ఆలోచించలేదు. ఉరికి అరచెయ్యి పైపు మూతికి అడ్డం పెట్టాను. ధార ఆగింది. వేళ్ల సందుల నుంచి నీళ్లు నా ముఖానికి, రొమ్ముకు కొట్టాయి గానీ గోడకు తగలడం ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత తెలిసింది నా పరిస్థితి. చెయ్యి తీస్తే గోడ. తీయకపోతే నేను ఇక్కడే.

పూర్తిగా కూర్చోవడానికి లేదు, నిలబడడానికి లేదు. రోలుకు వీపు ఆనించి, సగం వంగి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి నొక్కి పట్టాను. ఫోను కిటికీలో ఉంది. నాలుగడుగులు. మామ వాల్వు గుంత దగ్గర ఉన్నాడు. రెండు వందల అడుగులు. ఏదీ నాకు అందదు. గుంజకు వేలాడుతున్న సైకిల్ ట్యూబు ముక్కను కాలితో లాగి, చుడదామని ఒక చెయ్యి వదిలాను. ధార మళ్లీ గోడను కొట్టింది. ఈసారి గంపెడు మట్టి జారింది. ట్యూబును అక్కడే పడేసి మళ్లీ రెండు చేతులూ పెట్టాను.

"మామా!" అని అరిచాను. "ఎవలన్న ఉన్నరా!" అని అరిచాను. పిల్లలు బడిలో, మల్లేశ్ సిద్దిపేటలో. నీళ్లు మడమల దాకా వచ్చాయి. ఆ గోడ పడితే దూలం పడుతుంది, దూలం పడితే ఇల్లు పడుతుంది. వానాకాలం రెండు నెలల్లో ఉంది, మాకు ఇంకో ఇల్లు లేదు. ఇవన్నీ నాకు ఒక్కసారే తలకెక్కాయి. ఏడుపొచ్చింది. ఏడుద్దామంటే ముఖం తుడుచుకునే చెయ్యి లేదు.

వాకిలి దాటి నీళ్లు తొవ్వ మీదికి పోతుంటే చూసి, పక్కింటి లక్ష్మీబాయి వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి, గోడ పట్టుకొని మెల్లగా వచ్చింది.

"ఓ సౌమ్యా! ఏందే గీ నీళ్లు!"

"అక్కా, గోడ ముట్టకు! కిటికీల ఫోనుంది. మామకు కలుపు జల్ది!"

ఆమె కలిపి నా చెవి దగ్గర పెట్టింది.

"మామా, ఎల్బో పగిలింది! నీళ్లు గోడకు కొడుతున్నయి. వాల్ బంద్ జెయ్యి!"

"చెయ్యితోని ఆపినవా?" అన్నాడు.

"ఆపిన! ఎంతసేపని ఆపుత? బంద్ జెయ్యి మామా!"

"జెర ఓర్సుకో బిడ్డా. గిప్పుడే ఎక్కినయి పైకి. దుబ్బయ్యకు తానం కాలే ఇంక."

"ఇల్లు కూలుతది మామా!"

"ఇప్పుడు బంద్ జేస్తె మళ్ల ఎక్కవు. ట్యాంకుల గన్ని లేవు. జెర ఆగు," అని పెట్టేశాడు.

నేను ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. లక్ష్మీబాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కోడలు మామను అట్లా తిట్టడం ఆమె జన్మలో విని ఉండదు. "నువ్వన్న పోయి తీస్కరా అక్కా ఆ మనిషిని," అన్నాను. ఆమె కుంటుకుంటూ పోయింది. నేను మళ్లీ ఒక్కదాన్నే.

ఎంతసేపు ఉన్నానో తెలియదు. వేళ్లు మొద్దుబారాయి. నీళ్ల బలానికి అరచెయ్యి పైకి లేస్తోంది. వెంట్రుకలు కళ్లల్లో పడ్డాయి. గోడ నా భుజానికి మూరెడు దూరంలో ఉంది, పచ్చిమట్టి వాసన ముక్కుకు తగులుతోంది. ఒకసారి అనిపించింది, వదిలేసి బయటికి ఉరుకుదామని. పోతే పోనీ, ఆయన ఇల్లే కదా, ఆయన గోడే కదా. మళ్లీ వెంటనే అనిపించింది, నా పిల్లలు పడుకునేది ఎక్కడ అని. ఆ చెయ్యి తీయలేకపోయాను. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నా బతుకు ఇంతే అని కోపం వచ్చింది. ఎవరో చేసిన తప్పుకు అడ్డం పెట్టడానికి నా చేతులే దొరుకుతాయి.

మామ వచ్చాడు. గడపలో నిలబడి గోడను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. చావి తలుపుకు ఆనించి, నీళ్లలో నడిచి వచ్చి, నా చేతుల మీద తన అరచెయ్యి పెట్టాడు.

"లెవ్వు. గోడ కింద నువ్వుండొద్దు."

"బంద్ జేసి వచ్చినవా?"

"లేదు. నువ్వు పో. చావి తీస్కపో. గుంత కాడ నిలవడు. ఎస్తేరు చెయ్యి ఊపుతది. ఊపినంక తిప్పు, ఇరవై రెండు చుట్లు. ఊపకముందు తిప్పకు బిడ్డా."

"నీకు పిచ్చి లేసిందా మామా! గోడ మీద పడితె?"

"నా నాయిన కట్టిన గోడ. పడితె నా మీద పడనీ. నువ్వు పో."

నా చేతుల కింద నుంచి తన చెయ్యి తోసి పైపు మూతిని పట్టాడు. నేను లేచాను. కాళ్లు తిమ్మిరెక్కి ఒకసారి పడ్డాను. చావి ఎత్తితే అంత బరువు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. దాన్ని ఈడ్చుకుంటూ ఉరికాను. దారిలోనే నిర్ణయించుకున్నాను, పోగానే బంద్ చేస్తానని. ముసలాయన మాట ఎవడు వింటాడు? ఇల్లు నాది, గోడ కింద ఉన్నది మా మామ. చావి ఇప్పుడు నా చేతిలో ఉంది.

గుంతలో చావి దింపి తిప్పాను. ఒక చుట్టు. రెండు. మూడు.

తలెత్తి చూశాను. గడ్డ అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది. చర్చి పక్కన నల్లా కింద ఆడవాళ్లు బిందెలు పెట్టుకొని నిలబడ్డారు. దుబ్బయ్య ఇంటి ముందు నాలుగు చీరలు అడ్డం కట్టారు, లోపల స్నానం జరుగుతున్నట్టుంది. నేను తిప్పిన మూడు చుట్లకే పైన ధార సన్నబడింది. ఎస్తేర్ బిందెను కొంచెం వంచి, నల్లాను చూసి, తల తిప్పి కిందికి చూసింది. గుంత దగ్గర మామ లేడు, నేనున్నాను. ఆమె అరవలేదు. "ఏమైంది" అని చేత్తో అడగలేదు. ఊరికే నిలబడి నన్ను చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. తొమ్మిదేళ్ల కింద ఒకసారి చూశాను.

అత్త పోయింది మే నెలలో. నాకు పెళ్లయి ఐదు నెలలు. అప్పుడూ ట్యాంకు ఎండిపోయి ఉంది. అత్తకు స్నానం చేయించడానికి ఊర్లో నీళ్లు లేవు. గడ్డమీది బోరింగులో మాత్రం వస్తున్నాయి. దుబ్బయ్య, అంజవ్వ, ఎస్తేర్ ఆ ఎండలో పదకొండు బిందెలు కొట్టి, మోసుకొచ్చి మా వాకిట్లో దించారు. దించి, దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డారు. గడ్డవాళ్ల చేతి నీళ్లు ముట్టని రోజులు పోయాయని అందరూ చెప్పుకునే కాలం అది. ఏమీ పోలేదు. మామ అన్న ఎల్లయ్య బయటికొచ్చి బిందెలు చూశాడు. "గీ నీళ్లతోనా మా ఇంటి మనిషికి తానం?" అన్నాడు. గుమ్మంలో ఉన్న నన్ను చూసి, "సౌమ్యా, పారబొయ్యి," అన్నాడు.

నేను మామను చూశాను. చావి మూలన పడి ఉంది. ఆయన అత్త కాళ్ల దగ్గర తల వంచుకొని కూర్చున్నాడు. ఊరందరికీ నీళ్లు పోసే మనిషి. ఒక్క మాట అనలేదు. నేను పదకొండు బిందెలూ ఒక్కొక్కటే ఎత్తి వాకిట్లో పారబోశాను. కొత్త కోడలిని, నేనేం అనగలను అని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ పారబోసింది నా చేతులే. దుబ్బయ్య ఖాళీ బిందెలు ఏరుకొని పోయాడు. ఎస్తేర్ పోతూ పోతూ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ట్యాంకరు సాయంత్రం వచ్చింది. అప్పటిదాకా అత్త ఆ ఎండలో అట్లాగే ఉంది.

గుంత దగ్గర నిలబడి నాకు సిగ్గేసింది. మూడు చుట్లూ వెనక్కి తిప్పాను. పైన ధార మళ్లీ లావైంది. ఎస్తేర్ బిందెను సరిగ్గా పెట్టింది.

ఇక ఎదురుచూడడం. మామ ఎట్లున్నాడో తెలియదు. ఎస్తేర్ ఎప్పుడు ఊపుతుందో తెలియదు. ఇటు చూస్తే మా పెంకులు, అటు చూస్తే బిందెలు. ఊపు అక్కా, ఊపు అక్కా అని పైకి వినబడకుండా అంటున్నాను. ఒక బిందె తీశారు, ఇంకోటి పెట్టారు. ఒకటి తీశారు, ఇంకోటి పెట్టారు. అంత మెల్లగా నిండే బిందెలను నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు వెనక నుంచి దభేల్‌మని చప్పుడు. మా ఇంటి మీద నుంచి దుమ్ము లేవలేదు, అంతా తడిమట్టి కదా. నాలుగు పెంకులు జారి వాకిట్లో పగిలాయి.

"గోడ పడ్డది! ఓ రాజమల్లన్నా!" అని లక్ష్మీబాయి కేక.

"మామా!" అని అరిచాను. జవాబు లేదు. కాళ్లు ఇంటివైపు తిరిగాయి, చేతులు మాత్రం చావిని వదల్లేదు. వదిలి ఉరికితే నీళ్లు ఆగవు. తిప్పితే పైన స్నానం ఆగుతుంది. ఆ క్షణం నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు.

పైకి చూశాను. ఎస్తేర్ బిందెను అట్లాగే వదిలేసి బండ మీదికి ఎక్కింది. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. "బంద్ జెయ్యి! బంద్ జెయ్యి సౌమ్యా!" అని అరుస్తోంది. వాళ్ల బిందెలు నిండలేదని నాకు కనబడుతూనే ఉంది. అయినా ఊపుతోంది.

ఇరవై రెండు చుట్లు తిప్పాను. లెక్కపెట్టుకుంటూ, ఏడుస్తూ తిప్పాను. చావిని గుంతలోనే వదిలేసి ఉరికాను.

గోడ పైసగం నడిమింట్లోకి పడింది. దూలం ఒక కొస ద్వారబంధం మీద ఆగింది. మామ మొలదాకా బురదలో, పైపు దగ్గర అట్లాగే కూర్చొని ఉన్నాడు. నుదుటి మీద చిన్న గాయం. నీళ్లు ఆగిపోయినా అరచెయ్యి పైపు మూతికి అడ్డం పెట్టే ఉంది.

"ఊపిందా?" అన్నాడు నన్ను చూసి.

"ఊపింది."

"దుబ్బయ్యకు తానం అయిందా?"

"నాకెర్కలేదు మామా. గోడ పడ్డదని ఊపింది."

నేను ఆయన వేళ్లు ఒక్కొక్కటే పైపు మీద నుంచి విడదీశాను. అవి వంగినవి వంగినట్టే ఉన్నాయి. అప్పుడు ఇంక ఆపుకోలేకపోయాను.

"ఒక్క వాల్, మామా! వాకిట్ల ఒక్క చిన్న వాల్ పెట్టి ఉంటె గింత జరుగునా? తొమ్మిదేండ్ల సంది మొత్తుకుంటున్న!"

"చావి నా దగ్గరనే ఉండె గద అనుకున్న బిడ్డా," అన్నాడు. కూలిన గోడను చూస్తూ, "చావి ఉంటె సాలదు," అన్నాడు. నా ముఖం చూడలేదు.

మల్లేశ్ వచ్చి దూలం కింద బొంగులు నిలబెట్టాడు. మామ ఒంటి మీద బురద ఆరకముందే గడ్డమీదికి పోయాడు. ఉన్న నీళ్లతోనే స్నానం ముగించి, నాలుగు గంటలకు దుబ్బయ్యను తీసుకుపోయారు. మామ మట్టి వేసి వచ్చి, వాకిట్లో నులక మంచం మీద పడుకున్నాడు. పిల్లలు బడి నుంచి వచ్చి కూలిన గోడను చూసి బిక్కచచ్చి కూర్చున్నారు. అందరికీ ఆకలి. ఇంట్లో ఒక్క చుక్క నీళ్లు లేవు. కడవలో ఉన్నవి గోడ మట్టిలో కలిసిపోయాయి.

లక్ష్మీబాయిని అడిగితే ఒక బిందె ఇచ్చేదే. అడగలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకొని గడ్డ ఎక్కాను. శవం లేచిన ఇంటి నుంచి ఆ పూట ఏదీ తెచ్చుకోకూడదని మా అమ్మ చెప్పేది. ఎక్కుతున్నంతసేపూ ఆ మాట గుర్తొస్తూనే ఉంది, కాళ్లు మాత్రం ఆగలేదు.

ఎస్తేర్ గడపలో కూర్చొని ఉంది. లోపల గోడకు ఆనుకొని అంజవ్వ. వాకిట్లో సిమెంటు గోలెం. అందులో సగానికి తక్కువే నీళ్లున్నాయి. నన్ను చూసి ఎస్తేర్ లేచింది.

"మామకు మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నడక్కా." చంకలోని బిందె కింద పెట్టాను. "జెర నీళ్లుంటె... ఒక్క బిందె."

"దేనికి? బురద కడుగనీకా?"

"కాదక్కా. అన్నం వండనీకి. తాగనీకి."

ఆమె నన్నే చూసింది. లోపలి నుంచి అంజవ్వ అడిగింది, "ఎవలే?"

"రాజమల్లయ్య కోడలవ్వా."

ముసలామె కొంచెం ముందుకు వంగి చూసింది. "గప్పుడు పారబోసిన పిల్లనేనా?"

తప్పించుకోవడానికి నాకు తావు లేదు. ఎల్లయ్య పెదమామ చెప్పాడు, నేను కొత్త కోడలిని, ఇవేవీ నోటికి రాలేదు.

"నేనేనవ్వా," అన్నాను. "తప్పు జేసిన."

అంజవ్వ వాకిట్లోకి చూస్తూ అంది. "గా దినం ఇంటికొచ్చి మీ దుబ్బయ్య కాక నన్ను ఒక్కటే అడిగిండు బిడ్డా. మనం జేస్తె జేసినం గని, నీళ్లేం పాపం జేసినయే, అని." కొంగుతో ముఖం తుడుచుకొని, "నింపుకపో. పిల్లలు ఆకలికుంటరు," అంది.

ఎస్తేర్ చెంబు నా చేతికిచ్చింది. ఉన్న సగం గోలెంలోంచి నేనే ముంచుకొని బిందె నింపుకున్నాను. ఆ చెంబుతోనే ఒక గుక్క తాగాను. తొణకకుండా గడ్డ దిగాను. ఏడుపు వస్తున్నా తల కదలనియ్యలేదు.

మూడు రాళ్లు పెట్టి వాకిట్లోనే అన్నం వండాను. మామకు పళ్లెంలో పెట్టి ఇచ్చాను. వంగిన వేళ్లతో కలుపుకోబోతూ అడిగాడు.

"నీళ్లు ఎక్కడియి బిడ్డా?"

"గడ్డమీదియి మామా. దుబ్బయ్య కాక ఇంటియి."

ఆయన చెయ్యి అన్నంలో అట్లాగే ఆగింది. పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. కళ్లల్లోంచి నీళ్లు గడ్డం మీదికి దిగాయి, తుడుచుకోలేదు. తర్వాత మెల్లగా ముద్ద కలుపుకొని తిన్నాడు. మెతుకు మిగల్చకుండా తిని, పళ్లెం నా వైపు జరిపాడు.

"ఇంకింత పెట్టు బిడ్డా," అన్నాడు.